నా ఉయ్యాల లేని ఫోటో

ధర్మవరం
నవంబరు, సోమవారం

శ్రీ వేణుగోపాల్ గారికి,

పెనుకొండ ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి నిన్ను ‘ఒరే’ అనే పిలిచాను. ఇవాళ ‘గారు’ అంటున్నానంటే సంగతి నీకు అర్థమై ఉండాలి. ఫోన్ చేస్తే ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే చూసి ఊరుకుంటావు. కాగితం మీద రాస్తే చివరిదాకా చదవక తప్పదని పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కవరు అడిగితే అక్కడి గుమస్తా నన్ను వింతగా చూశాడు. అది కూడా నీ ఖాతాలోనే వేసుకో.

నిన్న ఇమ్మానుయేలు స్టేటస్‌లో ఫోటో చూశాను. పెనుకొండ కొండ. కోట గోడ కూలిన చోట కానుగ చెట్ల మధ్య మూడు ఉయ్యాలలు. నీలంది నీది, ఆకుపచ్చది ఇమ్మానుయేలుది, ఎర్రది చంద్రశేఖర్‌ది. ఫోటోను పెద్దది చేసి మూలమూలా వెతికాను. నా నారింజ ఉయ్యాల ఎక్కడా లేదు. ఉండదు. అది మా ఇంట్లో బీరువా పైన మడత పెట్టి ఉంది.

ఆ మూడింటినీ కుట్టించింది ఎవరయ్యా? బెంగళూరులో కొంటే ఖరీదని, గుడ్డ తెప్పించి, మా వీధి దర్జీ పక్కన కూర్చుని, అంచు చిరగకుండా రెండు వరసల కుట్టు వేయించింది ఎవరు? శనివారం సాయంత్రం బ్యాగులు తగిలించుకుని బస్సు దిగడం, చీకటి పడక ముందే కొండెక్కడం, రెండు చెట్ల మధ్య గుడ్డ కట్టుకుని ఆకాశం కింద పడుకోవడం, పొద్దున్నే బొరుగులతో ఉగ్గాని చేసుకు తిని దిగిరావడం, ఇదంతా మనకు ఎవరు అలవాటు చేశారు? మొదటిసారి నేను ఉయ్యాల కడితే ‘పెద్దోళ్లమై జోల పాడించుకుందామా’ అని నవ్వింది నువ్వే కదా.

ఈసారి వాన పడేట్టుంది, వద్దన్నావు. ఫోటోలో ఎండ కాస్తోంది.

ఆగస్టులో రామగిరి గాలిమరల కొండ మీద నేను తెల్లవారి ఉయ్యాలలోంచి పడ్డాను. తల రాయికి తగిలింది, పెదవి చిట్లింది. ముడి జారిందని మీరే చెప్పారు. నేను వేసిన ముడి జారిందంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు గానీ, సరే, ఒప్పుకున్నాను. ఒకసారి కింద పడినవాడిని జట్టులోంచి తీసేస్తారా? నాకు జవాబు కావాలి. ఫోన్‌లో కాదు, కాగితం మీద.

ఉమాశంకర్


హిందూపురం
నవంబరు, శుక్రవారం

శంకరా,

ఉత్తరం అందింది. కాగితం మీద అడిగావు, కాగితం మీదే చెబుతాను.

పెనుకొండ ట్రిప్పు అనుకోకుండా కుదిరింది. నాకు షిఫ్టు మారింది, ఇమ్మానుయేలుకు నర్సింగ్ హోమ్‌లో సెలవు దొరికింది. అంతకు మించి ఏమీ లేదు.

ఇంకొక మాట కూడా వినాలని ఉంటే విను. నువ్వు వస్తే అది నలుగురి ట్రిప్పు కాదు, నీ ట్రిప్పు. ఎక్కడ దిగాలో నువ్వే చెబుతావు. ఏ చెట్టుకు కట్టాలో నువ్వే చెబుతావు. ఉగ్గానిలో పప్పులపొడి ఎంత వేయాలో కూడా నువ్వే. నేను కట్టుకున్న ముడిని ప్రతిసారీ విప్పి మళ్లీ నీ పద్ధతిలో కడతావు. ఫ్యాక్టరీలో ఆరు రోజులు ఒకరి అజమాయిషీ కింద పనిచేసి వచ్చేవాడికి ఏడోరోజు కూడా ఇంకొకడి అజమాయిషీ కావాలా? ఒక్కసారి నాకు నచ్చినట్టు పడుకోవాలనిపించింది. తప్పా?

డిసెంబరులో కూడా రావద్దు. ఎండాకాలం పోయాక చూద్దాం. మాత్రలు వేళకు వేసుకో. బైకు ముట్టుకోకు. ఒళ్లు జాగ్రత్త.

వేణు


ధర్మవరం
డిసెంబరు, మొదటి గురువారం

వేణుగోపాల్‌కు,

అబద్ధం చెప్పేవాడు తక్కువ మాటలు రాయాలి. నువ్వు చివర్లో రెండు మాటలు ఎక్కువ రాశావు. బైకు ముట్టుకోవద్దని నాకు చెప్పడానికి నువ్వెవరు? నా బైకు ఆగస్టు నుంచి రిపేరు షెడ్డులో ఉందని మా ఇంటావిడ భాగ్య చెబుతోంది. నీకు నేను ఆ సంగతి చెప్పలేదు. నీకెట్లా తెలుసు?

మొన్న రైలెక్కి పెనుకొండ పోయాను. నర్సింగ్ హోమ్ బయట ఇమ్మానుయేలును పట్టుకున్నాను. నన్ను చూడగానే వాడి ముఖం మారిపోయింది. టీ తాగుదామన్నాడు, తాగలేదు.

‘యామైందిరా మీకందరికీ?’ అని అడిగాను.

‘ఏం ల్యాదప్పా. నువ్వు వేణునే అడుగు.’

‘వాణ్ని అడిగితే నాది అజమాయిషీ అంటాండాడు.’

‘అట్లన్న్యాడా?’ అని తల దించుకుని, ‘నన్ను అడగొద్దు శంకరన్నా. నాకు అబద్ధం చెప్పేకి రాదు, నిజం చెప్పేకి పర్మిషన్ ల్యా’ అని లోపలికి పోయాడు.

పర్మిషన్ ఎవరు ఇవ్వాలి? నా సంగతి నాకు చెప్పడానికి మీరందరూ ఎవరి దగ్గర పర్మిషన్ తీసుకున్నారు?

ఇంట్లో కూడా ఇదే నడుస్తోంది. స్నానానికి పోతే గడియ పెట్టవద్దంటుంది భాగ్య. మిద్దె ఎక్కితే వెనకాలే ఎక్కుతుంది, బట్టలు ఆరేయడానికట, చేతిలో బట్టలుండవు. చీరల డిజైన్ వేస్తూ కంప్యూటర్ ముందు కాసేపు కదలకుండా కూర్చుంటే వచ్చి భుజం తట్టి చూస్తుంది. ఏమని అడిగితే ఏమీ లేదంటుంది. ఇల్లంతా నన్ను చూసే కళ్లే, చెప్పే నోరు ఒక్కటీ లేదు.

ఆ నరాల బలం మాత్రలు మింగితే రోజంతా మత్తు. డిజైన్‌లో గళ్లు లెక్క తప్పుతున్నాయి, మగ్గాల యజమాని తిట్టాడు. అందుకని కొన్నాళ్లుగా భాగ్య ఎదురుగా నోట్లో వేసుకుని, ఆమె అటు తిరగగానే ఉమ్మేస్తున్నాను. బలం లేకపోతే పోయింది, తల తేలికగా ఉంది.

మీరెవరూ నాకు అక్కర్లేదు. నా ఉయ్యాల ఉంది, నా ముడి ఉంది. మీరు ఫోటో దిగిన ఆ కానుగ చెట్లకే నేనొక్కడినే పోయి కట్టుకుంటాను. ఎప్పుడో నీకు చెప్పను.

ఉమాశంకర్


హిందూపురం
శనివారం

శంకరా,

నీ ఉత్తరం ఇందాకే చేతికొచ్చింది. నీకు ఫోన్ చేస్తే నా నంబరు బ్లాక్ చేసి ఉన్నావు. భాగ్యకు చేశాను. ‘నా ఎదురుగానే మింగుతాండాడు కదన్నా’ అంది. మింగడం లేదని చెప్పాను. ఆ తర్వాత ఫోన్‌లో ఏడుపే. ఇది పోస్టులో వేస్తే ఆలస్యమవుతుంది. మా షిఫ్టు రమణ ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చిపోతాడు. ఈ రాత్రి షిఫ్టు దిగి, రేపు పొద్దున ఇంటికి పోతూ మీ ఇంట్లో ఇమ్మన్నాను.

నీ ముడి జారలేదు. నువ్వు కింద పడ్డాక కూడా అది చెట్టుకు బిగిసే ఉంది. విప్పడం మాకు రాక పట్టీని కత్తితో కోశాం.

నీకు ఫిట్స్ వచ్చాయి.

ఇమ్మానుయేలు స్టవ్ మీద టీ పెడుతున్నాడు. నేను పళ్లు తోముకుంటున్నాను. నీ ఉయ్యాల ఊగడం మొదలైంది. చలికి ముడుచుకుంటున్నావనుకున్నాను. ఊపు పెద్దదైంది, కొమ్మ మీది ఆకులు రాలిపడుతున్నాయి. నేను పరిగెత్తేలోపలే నువ్వు రాళ్ల మీద ఉన్నావు. కళ్లు పైకి తిరిగిపోయాయి. నోట్లో నురగ, అందులో రక్తం. నేను ఏం చేశానో తెలుసా? బైకు తాళంచెవులు తీసి నీ గుప్పిట్లో పెట్టాను. మా అవ్వ అట్లా చేసేది, అదొక్కటే గుర్తొచ్చింది. ఇమ్మానుయేలు వాటిని లాగి విసిరేశాడు. ‘ఇనుము పెడితే తగ్గదప్పా, మనిషిని పక్కకు తిప్పల్ల. రాళ్లు తీసెయ్ తల కాడ’ అని నా మీద అరిచాడు. వాడు నర్సు కాబట్టి సరిపోయింది. ఆ పూట నేనొక్కడినే ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు చేతకావడం లేదు.

కాసేపటికి నువ్వు కళ్లు తెరిచావు. నన్నే చూస్తూ, ‘ఎవురప్పా నువ్వు?’ అన్నావు.

అనంతపురంలో నీకు తీయించిన స్కానింగు తల దెబ్బకు కాదు. ఆ మాత్రలు నరాల బలానికి కావు. మళ్లీ రాకుండా ఉండడానికి. మానేస్తే తప్పకుండా వస్తుందని డాక్టరు భాగ్యకు చెప్పాడు. నీకు చెప్పొద్దని ఆమె మా ముగ్గురి దగ్గరా మాట తీసుకుంది. ఆమె కోసమే నిన్ను కొండలకు రానివ్వలేదు. అజమాయిషీ అన్నది వట్టి మాట. నీకు కోపం తెప్పిస్తే నువ్వే రావడం మానేస్తావనుకున్నాను.

తిట్టాలనుంటే తిట్టు. ముందు మాత్ర వేసుకో. ఒంటరిగా ఎక్కడికీ పోకు.

వేణు


ధర్మవరం
మంగళవారం

వేణుగోపాల్‌కు,

కళ్లు తెరిచేసరికి నా చేతిలో కొడవలి ఉంది.

నీ ఉత్తరం మా ఇంటికి చేరేటప్పటికి నేను పెనుకొండ కొండ మీద ఉన్నాను. తెల్లవారగానే పాలకని చెప్పి బయటపడ్డాను. బ్యాగు ముందు రోజే డిజైన్ షాపులో దాచుకున్నాను. రైలు దిగి, ఒక్కడినే ఎక్కి, మీ కానుగ చెట్లకే నారింజ ఉయ్యాల కట్టాను. కోపంతో కట్టాను కాబట్టి బాగా బిగించాను. అందులో పడుకుని కింద ఊరిని చూస్తూ, మీ ముగ్గురినీ పేరుపేరునా తిట్టుకున్నాను. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత కొడవలి.

పక్కన ఒక పెద్దామె గొంతుకూర్చుని ఉంది. చుట్టూ మేకల వాసన. మేకలకు ఆకు కోసే దోటికి కట్టిన కొడవలిని విప్పి, దాని పిడి వైపు నా అరచేతిలో పెట్టి, నా వేళ్ల మీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. పేరు పార్వతమ్మట.

‘ఎన్నాళ్ల నుంచి ఉండాదప్పా నీకు?’ అంది.

‘ఏంది?’

‘ఇదే, మూర్ఛ.’

‘నాకు మూర్ఛ ల్యాదు. కింద పడినా.’

ఆమెకు కోపం వచ్చింది. ‘పడితే నోట్లో నురగ వస్తుందా? చూసిండేది నేనా, నువ్వా? నువ్వు కొట్టుకునేది చూసి నా మేకలు బెదిరి కోట అవతలికి పోయినాయి. వాటిని ఇడిసిపెట్టి నీ కాడ కూసోనుండా. మూర్ఛ ల్యాదంట.’

నేను లేవబోతే తూలాను. మళ్లీ కూర్చోబెట్టింది.

‘యా ఊరు నీది?’

‘ధర్మవరం.’

‘ధర్మవరం నుంచి వచ్చి ఈడ చెట్టుకు యాలాడతాండావా? ఇట్లాంటోన్ని ఒగన్నే కొండకు పంపిచ్చినారే, నీకు ఎవురూ ల్యారా?’

‘ఎవురూ ల్యారవ్వా’ అన్నాను.

ఆమె నమ్మింది. అందుకే తిట్టడం మానేసి, కొంగుతో నా మూతి తుడిచి, చెయ్యి పట్టుకుని కొండ దింపి బస్సెక్కించింది. నాకు ఏం జరిగిందో ఈ లోకంలో నాకు మొదట చెప్పిన మనిషి ఆమె. నాతో ఒకే బెంచీ మీద చదివినవాడు కాదు, ఒకే మంచం మీద పడుకునే మనిషి కాదు, మేకలు తప్పిపోయి చికాకులో ఉన్న ముక్కూమొహం తెలియని ముసలామె. నాకు చెప్పడానికి ఆమెకు క్షణం పట్టింది. మీకు నాలుగు నెలలు చాలలేదు.

ఇంటికొస్తే భాగ్య గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో నీ ఉత్తరం. అప్పటికే విప్పి చదివేసింది. నా చొక్కాకు అంటిన మట్టి చూసి ఆమెకూ అర్థమైంది. వీధిలో అందరూ వింటున్నా నేను ఆగలేదు.

‘చెప్పింటే ఏమయ్యేది నీకు?’ అన్నాను.

‘నాకు చెప్పేకి రాలా. దినామూ చెప్పల్లనే అనుకుంటా. నువ్వేమో బ్యాగు ముందర పెట్టుకోని, ఈసారి ఆ కొండకు పోతాం, ఈ కొండకు పోతామంటాంటావు. యా నోటితో చెప్పేది?’

‘మాత్ర పేరు మార్చి మింగించే నోరు ఉండె కదా.’

‘ఉండె. మింగితే నువ్వు బతుకుతావని ఉండె. నువ్వు ఉమ్మేసినావు.’

 అయినా ఊరుకోలేదు. ‘నీ మాటకే వేణుగాడు నన్ను జట్టులో నుంచి తీసేసినాడు’ అన్నాను.

భాగ్య నన్ను అట్లాగే చూసింది. ‘నేను యాడన్న్యా ఆ మాట? చెప్పొద్దన్న్యా, అంతే. తీస్కపోండన్నా, కొంచెం చూసుకోండి, ఇంట్లో కూసోనుంటే ఆయప్ప ఉండలేడు అని ఆగస్టులోనే అడిగినా. వేణన్నే వద్దన్న్యాడు.’

నువ్వు రాసిన ఉత్తరం ఆమె చేతిలోనే ఉంది. ‘ఆమె కోసమే’ అని రాశావు. ఇద్దరం కలిసి ఆ వాక్యం మళ్లీ చదివాం. ఒక ఆడమనిషి వెనకాల దాక్కుని నా పేరు కొట్టేశావు.

ఇప్పుడు రాయి, చూద్దాం.

ఉమాశంకర్


హిందూపురం
డిసెంబరు, ఆదివారం

ఒరే శంకరా,

అవును. భాగ్య తీసుకుపొమ్మనే అంది. వద్దన్నది నేనే.

ఎవరూ లేరని చెప్పావా ఆ పార్వతమ్మతో? రామగిరి కొండ మీద నుంచి నిన్ను వీపున వేసుకుని దించింది ఎవరు? దారిపొడుగునా నా మెడ మీద నీ రక్తం కారుతూనే ఉంది. రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాను. ఇమ్మానుయేలు, చంద్రశేఖర్ చెరో వైపు పట్టుకుంటే జీపు దాకా తెచ్చాను. నాకు మోకాలు ఇప్పటికీ నొప్పే. చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాను. ఎవరూ లేరంట.

నువ్వు బాధ పడ్డావు, నిజమే. కానీ ఆ పూట నువ్వు అక్కడ లేవు. నీకు వచ్చింది నువ్వు చూడలేదు. చూసినవాడిని నేను. మా ఫ్యాక్టరీలో కన్వేయరు బెల్టు ఎప్పుడు అదిరినా నాకు నీ ఉయ్యాలే కనిపిస్తుంది. ఇంట్లో మా పాపను ఊపే తొట్టిలను కూడా విప్పించేశాను, ఎందుకో మా ఇంటావిడకు చెప్పలేదు. నిన్ను తీసుకుపోతే మళ్లీ వస్తుంది, మళ్లీ నేనే చూడాలి, ఈసారి ఇమ్మానుయేలు పక్కన లేకపోతే నువ్వు నా చేతుల్లోనే పోతావు. ఇది తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. నీ ప్రాణం కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నీ ఉత్తరం చదివాక కాదని తెలిసింది. నాకు భయం. అంతే. భయపడిన మనిషి ఏం చేస్తాడో అదే చేశాను. భాగ్య పేరు వాడుకోవడం మాత్రం అన్యాయం. ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. ‘నాకెందుకన్నా చెప్తావు, ఆయప్పకు చెప్పు’ అని పెట్టేసింది.

ఆ ఫోటో గురించి కూడా విను. మూడు ఉయ్యాలలు కట్టామే గానీ నేను నాదాంట్లో పడుకోలేదు. బండ మీద దుప్పటి వేసుకున్నాను.  ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైంది, తిట్టడానికి నువ్వు లేవు. పొద్దెక్కకముందే దిగివచ్చేశాం. అది చూసి నువ్వు కుళ్లుకున్నావు.

పోయిన వారం ఇమ్మానుయేలు దగ్గరికి పోయాను. వస్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు అని అడిగి నేర్చుకున్నాను. వాడు నేల మీద పడుకుని కొట్టుకుంటున్నట్టు నటిస్తే, నేను పక్కకు తిప్పడం నేర్చుకున్నాను. నోట్లో ఏమీ పెట్టకూడదట. చేతులు కాళ్లు అదిమి పట్టకూడదట. ఎక్కువసేపు ఆగకపోతే అంబులెన్సుకు ఫోన్ చేయాలట. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి బదులు నిన్ను పోగొట్టుకోబోయాను.

వచ్చే నెల ట్రిప్పుకు రా. పిలుస్తున్నాను.

వేణు


ధర్మవరం
డిసెంబరు చివర

ఒరే వేణూ,

నన్ను పిలవడానికి నువ్వెవరురా? నీ ఇంట్లో పెళ్లా? ఆ జట్టు నాది కూడా. నేను వస్తాను, నువ్వు పిలిచావని కాదు.

నీ మోకాలి సంగతి ఇప్పుడు చెబుతావా? నాలుగు నెలలు కుంటుకుంటూ ఫ్యాక్టరీలో నిలబడ్డావా? దాచడం నీకు రోగంలా ఉంది, నాకున్న దానికంటే మొండిది. డాక్టరుకు చూపించు.

నేను అనంతపురం పోయివచ్చాను. ఈసారి భాగ్యను బయట కూర్చోమని నేనే లోపలికి పోయాను. డాక్టరు మొదట తడబడ్డాడు, తర్వాత అన్నీ చెప్పాడు. మత్తు తగ్గేలా మాత్ర మార్చాడు. మానకూడదు, నిద్ర చెడగొట్టుకోకూడదు, కొంతకాలం బండి నడపకూడదు, ఒంటరిగా ఎత్తులకు పోకూడదు. కొండలకు పోవచ్చా అని అడిగితే ‘మనుషులతో పో, నిద్రపోయి పో’ అన్నాడు. ఆ గదిలో కూర్చున్న కాసేపు నాకు ఎవరి మీదా కోపం రాలేదు. నా గురించి నాతోనే మాట్లాడారు. బయటికి రాగానే మళ్లీ వచ్చింది.

కాబట్టి ఈసారి ప్లాన్ నేను వేస్తున్నాను. అజమాయిషీ అనుకో, నాకేం. రాత్రి ఉండడం లేదు. పొద్దున్నే ఎక్కి, మధ్యాహ్నం ఉయ్యాలల్లో పడుకుని, చీకటి పడేలోపు దిగుదాం. నా ఉయ్యాల మోకాలెత్తులో కడతాను, కింద రాళ్లు ఏరి దుప్పటి పరుస్తాను. మీ చేత ఏరించను. చంద్రశేఖర్‌కు రామగిరిలో జరిగిందే తెలుసు కదా, పెనుకొండలో జరిగింది నేనే నా నోటితో చెబుతాను. నేను వింటుండగా ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడకూడదు. భాగ్య కూడా వస్తుంది. రానంది. నేనే రమ్మన్నాను. ఇద్దరం ఇంకా సరిగా మాట్లాడుకోవడం లేదు గానీ, అన్నం మాత్రం ఒకే చోట తింటున్నాం.

సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి ఆమె తెస్తుంది. ఉగ్గాని నువ్వు చేయొద్దు.

శంకర్


ధర్మవరం
జనవరి, సోమవారం

వేణూ,

నిన్న పెనుకొండ కొండ మీద నుంచి నువ్వు షిఫ్టుకని ముందే దిగిపోయావు కాబట్టి తర్వాత జరిగింది రాస్తున్నాను. ముందు నీతో గొడవ ఒకటి ఉంది, అది కానీ.

నిన్న పొద్దుటి నుంచి నువ్వు చేసింది స్నేహితుడు చేసే పని కాదు, జైలు వార్డెను చేసే పని. నేను నీళ్లు తాగితే చూశావు. చెట్టు చాటుకు పోతే వెనకాల దగ్గుకుంటూ వచ్చావు. నేను ఉయ్యాలలో పడుకుని కళ్లు మూస్తే బండ మీద కూర్చుని నా కడుపు పైకీ కిందికీ ఆడుతోందా లేదా అని చూశావు. నేను కళ్లు తెరిచి తిట్టే దాకా కదల్లేదు. పోయేముందు ఇమ్మానుయేలు చెవిలో ‘చూసుకో’ అన్నావు. నాకు వినిపించింది. గొంతు తగ్గించకూడదని రాసే ఉన్నాను. నీ భయం నాకు తెలుసు, అది పోవడానికి టైము పడుతుందనీ తెలుసు. అయినా నాకు కోపమే వస్తోంది, వస్తుంది.

నువ్వు పోయాక భాగ్య సంగతి. నువ్వున్నంతసేపూ ఆమె బండ మీదే కూర్చుంది కదా, ఉయ్యాల ఎక్కమంటే ‘చీర కట్టుకోని దాంట్లో ఎట్ల ఎక్కేది’ అంటూ. నువ్వు దిగిపోయాక నేను లేచి, నా నారింజ ఉయ్యాల గుడ్డను రెండు చేతులా విప్పి పట్టుకుని నిలబడ్డాను.  చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. చివరికి వచ్చి కూర్చుంది. కాళ్లు పైకి పెట్టి, రెండు అంచులూ గట్టిగా పట్టుకుంది.

‘పడిపోతా.’

‘మోకాలెత్తే కదా.’

‘నువ్వు యాడ పండుకుంటావు?’

‘కింద దుప్పటి ఉండాది.’

‘మాత్ర వేసుకున్న్యావా? పొద్దున వేసుకున్న్యావు సరే, సాయంత్రందీ తెచ్చినావా? ఇంటికి పోతానే ఆ...’ అని ఆగిపోయింది. ఏదో అడగబోతోందనుకుని చూశాను. నిద్రపోయింది. మాట మధ్యలో నిద్రపోయింది, వేణూ. అంచులు పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి.

ఎండ చెట్ల మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి కిందికి జారింది. ఇమ్మానుయేలు టీ తెచ్చాడు, చేత్తో ఆపేశాను. చంద్రశేఖర్ బస్సు పోతుందని బ్యాగు సర్దుతుంటే, ఇంకొక బస్సు ఉంటుందని సైగ చేశాను. ఆమె కదల్లేదు. అట్లా నిద్రపోయే మనిషిని తాను ఆసుపత్రిలో, అదీ నైట్ డ్యూటీ దిగిన నర్సుల్లోనే చూశానని ఇమ్మానుయేలు అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఆగస్టు నుంచి నేను పడుకున్నప్పుడల్లా ఆమె మేలుకునే ఉంది. నా ఊపిరి వింటూ ఉంది. ఇది కూడా నాకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా. మళ్లీ కోపం వచ్చింది గానీ, ఈసారి ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆమె ముఖం మీద పడుతున్న ఎండకు అడ్డంగా కూర్చున్నాను.

చల్లగాలి మొదలయ్యాక ఉలిక్కిపడి లేచింది. ముందు నా వైపు చూసింది.

‘ఇంతసేపు ఎవురు చూసినారు నిన్ను?’

‘నేనే నిన్ను చూస్తాంటి.’

‘లేపేది ల్యా? పొద్దు కుంకుతాంది. వేణన్న చూస్తే ముందే పాయె, ఇమ్మానుయేలన్న అన్నా నన్ను లేపల్ల కదా, అందరూ గమ్మునుండారే.’ అందరినీ తిట్టింది. నీకు కూడా పడ్డాయి. తిడుతూనే కాళ్లు కింద పెట్టి దిగబోయింది. దిగలేదు. మళ్లీ వెనక్కి వాలి, గుడ్డ అంచు ముఖం మీదికి లాక్కుంది.

‘ఇంగ కొంచేపు’ అంది.

శంకర్